వరద తగ్గాక బడిలో ముందు తెరవాల్సింది హాజరు పట్టీ

టీచర్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. స్వర్ణముఖి ఒడ్డున హైస్కూలు. ఏటి పక్క కాలనీలో నీళ్లు నాలుగు రోజులు నిలిచాయి. ఆ కాలనీ నుంచి మీ బడికి వచ్చే పిల్లలు 60 మంది దాకా ఉన్నారు. బడి తెరిచి ఆరు వారాలైనా వాళ్లలో సగం మందే వస్తున్నారు. ఏడో తరగతి అబ్బాయి ఒకడు మబ్బు పడితే చాలు, సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వెళ్లి నిలబడుతున్నాడు. హెడ్మాస్టరు గారేమో ఎవరైనా సైకాలజిస్టును పిలిచి ఒకరోజు అందరికీ కౌన్సెలింగ్ పెట్టిద్దామంటున్నారు. ఆ రోజు ఏం చేయించాలి, వరద గురించి పిల్లలతో ఎలా మాట్లాడించాలి అని మీరు అడిగారు.

నన్నడిగితే ఆ ఒకరోజు కౌన్సెలింగే వద్దు. వచ్చే ఆయన మంచివాడే అయ్యుంటాడు. కానీ మీ అసలు సమస్య బడికి రాని ముప్ఫై మంది. ఆయన మాట్లాడేది వచ్చిన ముప్ఫై మందితో. పిలవాలనే ఉంటే టీచర్లతో కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడించండి. ఆ సంగతి చివర్లో చెబుతాను.

నేను సోషల్ వర్క్ చదివి, తిరుపతి చుట్టుపక్కల బడులతో పని మొదలుపెట్టి 19 ఏళ్లయింది. మన ప్రభుత్వ బడుల్లో స్కూల్ సోషల్ వర్కర్ అని ఎవరూ ఉండరు కాబట్టి ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున వెళ్తుంటాను. చాలా ఏళ్లు నేనూ మీలాగే 'ఏం మాట్లాడాలి' దగ్గరే ఆగిపోయేదాన్ని. దాని వల్ల ఒక తప్పు కూడా చేశాను.

2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. తిరుపతి వీధులు కాలువలయ్యాయి, శ్రీవారిమెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని రామచంద్రాపురం మండలంలో దిగువ ఊళ్లు ఖాళీ చేయించారు. పైగా కోవిడ్ రెండో వేవ్ తర్వాత బడులు తెరిచింది ఆ ఏడాది ఆగస్టు 16న. పిల్లలు కుదురుగా బెంచీ మీద కూర్చోవడం మళ్లీ నేర్చుకుంటుండగానే ఈ నీళ్లు. నీళ్లు తగ్గిన వారానికే మేం ఒక ప్రైమరీ బడికి వెళ్లి, క్రేయాన్లు పంచి, "వరద రోజు ఏం చూశారో బొమ్మ వేయండి" అన్నాం. మూడో తరగతి పాప ఒకతె కాగితమంతా గోధుమరంగు రుద్ది, ఒక మూల చిన్న మేకను గీసింది. మెడకు తాడు కూడా వేసింది. బాగుందని చప్పట్లు కొట్టించి గోడకు అంటించాం. మర్నాటి నుంచి ఆ పాప నాలుగు రోజులు రాలేదు. ఇంటికి వెళ్తే వాళ్లవ్వ గుమ్మంలోనే నిలేసింది: "ఏం గీపిచ్చినారమ్మా మా బిడ్డతో? రాత్రంతా మేక, మేక అని పలవరిస్తా ఉండాది." నీళ్లొచ్చినప్పుడు ఆ మేక తాడు విప్పాల్సింది ఆ పాపేనట. అవ్వకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

బొమ్మలు వేయించడం తప్పు కాదు. ఇష్టమొచ్చింది గీసుకోమని వదిలేసి, చెప్పాలనుకున్న పిల్ల చెబితే వినడం వేరు, వరదే గీయమని పని అప్పజెప్పడం వేరు. ప్రమాదం జరిగిన కొత్తలో అందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించే పద్ధతి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఆ సంస్థే 2011లో తెచ్చిన ప్రథమ మానసిక సహాయం పుస్తకం సారాంశం మూడు మాటలు: చూడు, విను, కలుపు. అవసరం ఏంటో చూడాలి, చెప్పింది వినాలి, ఆ అవసరం తీర్చగల మనిషితో కలపాలి. మనవాళ్లు రెండోదాని దగ్గర చాలా శిక్షణలు పెడతారు. బడిలో ఎక్కువ పని మొదటిదానిలో, మూడోదానిలో ఉంటుంది.

చూడటానికి మీ చేతిలో ఉన్న పరికరం హాజరు పట్టీ. దాన్ని రోల్ నంబరు ప్రకారం కాకుండా ఇళ్ల ప్రకారం రాసుకోండి. ఒక తెల్లకాగితం మీద కాలనీలో ఒక్కో ఇంటికి ఒక్కో గడి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఏ తరగతిలో ఉన్నా ఒకే గడిలోకి రావాలి. ప్రైమరీ బడి పట్టీ కూడా తెప్పించుకోండి. ఆరు వారాల 'ఆ' (రాలేదన్న) గుర్తులు ఆ కాగితం మీదికి ఎక్కిస్తే, తరగతి పట్టీలో కనపడనివి కనపడతాయి.

ఒకసారి నాకు కనపడింది చెబుతాను. అక్క తొమ్మిదో తరగతి, చెల్లెలు ఆరో తరగతి. విడివిడిగా చూస్తే ఇద్దరూ సగం రోజులే వస్తున్నారు, చదువు మీద శ్రద్ధ తగ్గిందని టీచర్లు అనుకుంటున్నారు. పక్కపక్కన పెడితే అక్క వచ్చిన రోజు చెల్లెలు రాదు, చెల్లెలు వచ్చిన రోజు అక్క రాదు. సాయంత్రం వెళ్లి చూస్తే ఆ ఇంటికి తలుపు లేదు. నీళ్లు తీసుకుపోయాయి. లోపల సాయంగా ఇచ్చిన బియ్యం, కొత్త గిన్నెలు, ఒక ఇనప్పెట్టె. తల్లీ తండ్రీ పొద్దున్నే కూలికి పోతారు, ఎవరో ఒకరు కాపలా ఉండాలి. పిల్లలే వంతులు వేసుకున్నారు. ఆ అక్కను కూర్చోబెట్టి ధైర్యం చెబితే ఏం లాభం? వీధిలోవాళ్లు తలా కొంచెం వేసుకుని ప్లైవుడ్ తలుపు, గొళ్లెం, తాళం పెట్టించారు. ఆ తర్వాతి సోమవారం ఇద్దరూ వచ్చారు. బడి పుస్తకాల్లో ఆ తలుపు ఎక్కడా నమోదు కాలేదు, నా రిపోర్టులో మాత్రం రాశాను.

ఇలాంటివే ఇంకొన్ని ఉంటాయి. మధ్యాహ్న భోజనం దాకా ఉండి తర్వాత కనపడని అబ్బాయి ఏదో హోటల్లో గిన్నెలు కడుగుతుండవచ్చు. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరమే. కానీ ముందు ఆ ఇంట్లో అప్పు ఎవరికి, ఎంత అని తెలుసుకోండి. తండ్రి ఆటో నీళ్లలో మునిగి ఇంజను పోయి, ఫైనాన్స్ వాళ్లు రోజూ వస్తుంటే, పిల్లవాడిని బడికి లాక్కొచ్చినా మూడో రోజు మళ్లీ పోతాడు. అసలు రానివాళ్లలో కొందరు మేనమామ ఊరికి వెళ్లి ఉంటారు. వాళ్లు అక్కడ బడికి పోతున్నారా లేదా అన్నది ఫోన్ చేసి నిర్ధారించుకోండి. 'బంధువుల ఊరికి పోయారు' అన్న మాట దగ్గర చాలామంది పిల్లలు లెక్కలోంచి జారిపోతారు.

ఇంటికి వెళ్లేటప్పుడు సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. ఒంటరిగా కాకుండా అంగన్‌వాడీ టీచరో, వంట చేసే ఆయమ్మో, ఆ వీధికి తెలిసిన మనిషిని తోడు తీసుకోండి. చేతిలో నోటుబుక్కు చూస్తే నష్టపరిహారం లెక్క రాసుకోవడానికి వచ్చారనుకుంటారు, అందుకని ఇంటికొచ్చాక రాసుకోండి. "ఎందుకు పంపడం లేదు?" అని మొదలుపెడితే అవతలివాళ్లు తప్పు చేసినట్టు తలొంచుకుంటారు లేదా కోప్పడతారు. నేను మాత్రం "మీ వాడి చోటు అట్లే పెట్టినాం, ఎవర్నీ కూర్చోనియ్యలేదు" అని మొదలుపెడతాను. ఆ మాట నిజమయ్యేలా చూసుకోవాలి కూడా. మీ చేతిలో లేనిది ఒక్కటి కూడా మాటివ్వకండి. ఇల్లు, డబ్బు, ఉద్యోగం, ఏదీ వద్దు. వాళ్లకు ఇప్పటికే చాలామంది మాటిచ్చి వెళ్లి ఉంటారు.

ఎనిమిది నుంచి పది చదివే ఆడపిల్లల ఇళ్లకు ముందు వెళ్లమని చెబుతాను. గోడలు కూలితే ముందు పోయేది స్నానాల గది. నెలసరి రోజుల్లో ఎక్కడికి పోవాలో తెలియక బడి మానేసిన పిల్లల్ని చూశాను, ఆ కారణం మగ టీచరుకు ఎప్పటికీ చెప్పరు. ఇంకో కారణం ఇంకా నెమ్మదిగా వస్తుంది: "ఇల్లే లేదు, వయసొచ్చిన పిల్లను యాడ పెట్టుకోవాల? మంచి సంబంధం వచ్చింది." ఇది తల్లిదండ్రుల చెడ్డతనం కాదు, భయం. ఆ భయానికి జవాబు హాస్టల్. దగ్గర్లో కస్తూర్బా విద్యాలయంలో సీటు ఉందేమో ఆ వారమే కనుక్కోండి. చోటు దొరికితే సగం పెళ్లిళ్లు అక్కడే ఆగిపోతాయి. ఆగకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, గ్రామ లేదా వార్డు సచివాలయంలో మహిళా పోలీసుకు చెప్పండి. మీ పేరు బయటికి రాదు. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలుంటే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి రాయండి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయలు స్పాన్సర్‌షిప్ వస్తుంది. అడిగేవాళ్లు లేక ఆగిపోయే డబ్బు అది.

కాగితాల పని విసుగే, అయినా తప్పదు. పుస్తకాలు, ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాసుబుక్కు తడిసి ముద్దైపోయి ఉంటాయి. పుట్టిన తేదీ మీ అడ్మిషన్ రిజిస్టరులోనే ఉంది కాబట్టి, దాన్ని పట్టుకుని హెడ్మాస్టరు ధ్రువీకరించి ఇస్తే మిగతావి సచివాలయంలో మెల్లగా వస్తాయి. వేరే బడికి మారిన పిల్లలకు టీసీ లేదని అవతల బడి చేర్చుకోకపోతే విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చూపించండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదని అందులో స్పష్టంగా ఉంది. మీ అడ్మిషన్ రిజిస్టరు కూడా తడిసి ఉంటే మాత్రం ముందు దాన్ని ఫ్యాను కింద ఆరబెట్టండి. పేజీలు విడదీసే తొందరలో చింపొద్దు, మధ్యమధ్య తెల్లకాగితం పెట్టండి. ఎండలో పెడితే సిరా వెలిసిపోతుంది.

ఇక తరగతి గది. పిల్లలకు వరద తర్వాత అన్నింటికంటే కావాల్సింది, రేపు ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉండడం. తొమ్మిదికి గంట కొడితే తొమ్మిదికే కొట్టాలి. లెక్కల పీరియడ్ లెక్కలదే కావాలి. పునరావాస శిబిరం పెట్టిన బడి అయితే ఈ ఒక్క పని చేయడమే కష్టం. గదుల్లో మనుషులు ఉంటారు, బెంచీలు వరండాలో ఉంటాయి. టీచర్లనేమో సహాయక పనులకు వేస్తారు. చట్టం కూడా విపత్తు పనులకు టీచర్లను వాడుకోవచ్చనే అంటుంది, కాబట్టి తగవు పెట్టుకుని లాభం లేదు. అలాంటప్పుడు చెట్టు కింద రెండు గంటలైనా సరే, రోజూ అదే రెండు గంటలు బడి నడపండి. మొదటి నెల పరీక్షలు, హోంవర్క్ తగ్గించండి గానీ పూర్తిగా తీసేయకండి. పాఠం జరుగుతోందంటే లోకం మామూలుగా ఉందని పిల్లలకు నమ్మకం కుదురుతుంది. నోటుబుక్కులు లేవని తిట్టకూడదని మీకు చెప్పక్కర్లేదు, కానీ డ్రిల్లు సారుకు మాత్రం ఒకసారి చెప్పండి. బూట్లు లేవని ఎండలో నిలబెట్టిన సంఘటన నా కళ్లముందే జరిగింది.

మీ ఏడో తరగతి అబ్బాయి విషయానికి వస్తాను. తలుపు దగ్గర నిలబడటం రోగం కాదు, తెలివే. ఒకసారి నీళ్లు ఎంత తొందరగా వస్తాయో చూసినవాడు బయటికి దారి చూసుకుంటున్నాడు. వాడి చోటు తలుపు పక్క బెంచీకి మార్చండి. ఎందుకు మార్చారో తరగతిలో చెప్పకండి. సంచి ఒళ్లో పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. వాన మొదలైనప్పుడు "ఏం కాదులే" అనకండి, వాడు 'అయింది' చూసినవాడు. "ఇప్పుడు పడేది చిన్న వాన. ఎక్కువైతే మనం పైఅంతస్తు గదిలోకి పోతాం, మీ అమ్మకు నేనే ఫోన్ చేస్తాను" అని చెప్పండి. వాళ్లమ్మ నంబరు మీ దగ్గర ఉందని వాడికి చూపించండి. ఒక బడిలో సైన్సు సారు ప్లాస్టిక్ సీసా కోసి వానమాపకం చేయించి, ఇలాంటి అబ్బాయికే రోజూ కొలిచి బోర్డు మీద రాసే పని ఇచ్చారు. మొదటి వారం వాడు సీసా దగ్గరికే పోలేదు, వేరే పిల్లవాడితో చదివించి తను రాసేవాడు. తర్వాత తనే కొలిచాడు. అందరికీ ఇది పనిచేస్తుందని చెప్పను. వాడికి చేసింది.

ఏది మామూలు, ఏది కాదు అని కూడా అడిగారు. నిద్రలో ఉలిక్కిపడటం, పదేళ్ల పిల్లవాడు మళ్లీ పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం, పొద్దున బడి టైముకు కడుపునొప్పి రావడం, ఊరికే కోపం. మొదటి వారాల్లో ఇవన్నీ మామూలే. ఇల్లు కాస్త కుదుటపడి, బడి నడుస్తుంటే చాలామంది పిల్లల్లో వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే పట్టించుకోవాలి. అంటే మీకు ఇప్పుడు ఆరు వారాలు కాబట్టి చూసే సమయం వచ్చేసింది. అన్నం మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, చచ్చిపోతానన్న మాట అన్నా నెల దాకా ఆగకండి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 (టెలీమానస్)కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. తల్లితో "మెంటల్ డాక్టరు" అనొద్దు, "నిద్ర పట్టడానికి, భయం తగ్గడానికి చూసే డాక్టరు" అంటే వస్తుంది. మొదటిసారి మీరూ తోడు వెళ్లండి, చీటీ ఎక్కడ రాయిస్తారో తెలియక ఓపీ లైను చూసి వెనక్కి వచ్చేసే తల్లులే ఎక్కువ. అందరికంటే నెమ్మదిగా, బుద్ధిగా, అన్నీ చక్కగా చేసే పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను కూడా మరిచిపోకండి. ఇంట్లో పెద్ద ఏడుస్తుంటే ఏడవకూడదని వాళ్లంతట వాళ్లే నిర్ణయించుకుని ఉంటారు.

దాతల గురించి మీరు ఒక్క వాక్యంలో రాశారు గానీ నాకు అది పెద్ద విషయం. వరద పిల్లల్ని స్టేజీ ఎక్కించి సంచులిస్తూ ఫొటోలు దిగుతామంటే వద్దని చెప్పండి. ఆ పిల్లలకు ఆ రోజు నుంచి 'వరదోళ్లు' అని పేరు పడిపోతుంది. ఒక బడిలో ఆ పేరు ఏడాది దాకా పోలేదు. సంచులు స్టాఫ్ రూంలో పెట్టి, ఇళ్ల ప్రకారం రాసుకున్న ఆ కాగితం చూసి, సాయంత్రం బడి వదిలాక ఇవ్వండి. నీళ్లు రాకపోయినా సంచి చిరిగిన పిల్లలు ఇంకో పదిమంది ఉంటారు, వాళ్లకూ కలిపి ఇవ్వండి. దాతలు ఫొటో లేనిదే ఇవ్వమంటే సంచుల కుప్ప ముందు హెడ్మాస్టరు గారిని నిలబెట్టి ఫొటో తీయించండి. ఆయనకూ అభ్యంతరం ఉండదు.

సైకాలజిస్టు గారి సంగతి. ఆయన్ను శనివారం సాయంత్రం రమ్మని టీచర్లు, ఆయమ్మలు, అంగన్‌వాడీ వాళ్లతో కూర్చోబెట్టండి. మీ స్టాఫ్‌లోనూ ఇల్లు మునిగినవాళ్లు ఉంటారు. ఇంట్లో బురద ఎత్తిపోసి, వచ్చి పాఠం చెప్పి, మళ్లీ వెళ్లి పరుపులు ఆరబెట్టే మనిషికి పిల్లల మీద విసుగు రావడంలో వింతేముంది? ఆ విసుగు చెప్పుకోవడానికి ఒక్క సాయంత్రం ఇస్తే, దాని ఫలితం నెల రోజులు పిల్లలకు అందుతుంది. పద్మావతి మహిళా వర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివే అమ్మాయిలు ఫీల్డ్ వర్క్‌కు చోట్లు వెతుక్కుంటుంటారు. డిపార్ట్‌మెంటుకు ఒక ఉత్తరం రాయండి. ఇద్దరు దొరికితే ఇళ్లకు తిరిగే పని సగం తగ్గుతుంది. వారం రోజులకు కాదు, కనీసం రెండు టర్ములు ఉండేవాళ్లను అడగండి. పిల్లలకు అలవాటయ్యాక మాయమయ్యే అక్కలు అసలు రాకపోయినా నష్టం లేదు.

మన దగ్గర గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. కాబట్టి వచ్చే సెప్టెంబరులోనే, ఎండగా ఉన్న రోజు, వాన ఎక్కువైతే ఏ గదికి పోవాలి, చిన్నవాళ్ల చెయ్యి ఎవరు పట్టుకోవాలి, హాజరు పట్టీ ఎవరు తీసుకోవాలి అన్నది ఒకసారి నడిపించి చూడండి. ఆ రోజు దారి చూపించే పని మీ ఏడో తరగతి అబ్బాయికి ఇవ్వొచ్చు, అప్పటికి ఎనిమిదికి వస్తాడు.

వాడు ఎప్పటికి లోపలి బెంచీకి వస్తాడని టెన్షన్ పడకండి. నేను చెప్పిన వానమాపకం అబ్బాయి డిసెంబరు నుంచి మార్చి దాకా తలుపు పక్కనే కూర్చున్నాడు. ఏప్రిల్ మొదటి వారంలో ఒకరోజు చూస్తే మధ్య వరుసలో ఉన్నాడు, సంచి కాళ్ల దగ్గర. ఏరా మారినావే అని అడిగితే, "ఆడ ఎండ కొడతా ఉంది మేడం, ఫ్యాను ఈడుంది" అన్నాడు.